నేను మడిచిన కాగితం మూల

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు కరీంనగర్‌లో మా యూనివర్సిటీ గేటు ముందు నలభై మంది దాకా విద్యార్థులు కూర్చున్నారు. ఎండ మాడుతోంది. అందరి చేతుల్లోనూ అట్టముక్కలు, వాటి మీద నా గురించి మంచి మాటలు. నేను పుస్తకాలూ, టిఫిన్ డబ్బా, కుర్చీలో వేసుకునే దిండూ ఒక పెట్టెలో సర్దుకుని ఆటో కోసం నిలబడ్డాను. ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు ఏం తప్పు చెయ్యలే మేడం. మాకు తెలుసు" అంది.

ఆ మాటకు అక్కడే, అందరి ముందే జవాబు చెప్పాల్సింది. ఆమె భుజం తట్టి ఆటో ఎక్కాను.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. మాది కంపెనీ క్వార్టరు. మా ఇంట్లో అన్నం వేళను గడియారం నిర్ణయించేది కాదు, బాపు షిఫ్టు నిర్ణయించేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఆయన పడుకున్న పగళ్లలో పిల్లలం సైగలతో కొట్లాడుకునేవాళ్లం. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ గిన్నెలు తోమి, చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ పాత చీర మీద బోర్లించేది. పెద్దయ్యాక ఎమ్మేలో సమాజశాస్త్రం తీసుకున్నాను. కుటుంబం అనే పాఠం వచ్చింది. నోట్సులో కుటుంబానికి ఏడు లక్షణాలు చెప్పారు. మా ఇల్లు వాటిలో ఎక్కడా కనపడలేదు. లేచి ఆ మాటే అడిగాను. "పరీక్షల ఏం రాయాల్నో అది రాయమ్మా" అన్నారు మా సారు, కోపం లేకుండానే.

తర్వాత నేనే లెక్చరర్‌నయ్యాను. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించేవారు. అలా పదకొండేళ్లు. మొదటి రెండేళ్లు నేనూ నోట్సే చెప్పాను. పిల్లలు తల దించుకుని రాసుకునేవాళ్లు, నాకు వాళ్ల పాపిళ్లే కనపడేవి. మూడో ఏడు ఒక శుక్రవారం పుస్తకం మూసి, "మీ ఇంట్లో మీరు కళ్లారా చూసిన ఒక్క సంగతి ఒక పేజీలో రాసుకురండి. ఆఖర్న తినేది ఎవరు? ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? కోపం తెచ్చుకునే హక్కు ఎవరికి ఉంది? ఏదైనా సరే" అన్నాను. దానికి ఇంటి కాగితం అని పేరు పడింది. ప్రతి శుక్రవారం ఒక కాగితం చదివేదాన్ని. పేరు చెప్పేదాన్ని కాదు. రాసినవాళ్లు ఒప్పుకుంటేనే చదివేదాన్ని. చదివాక పాఠ్యపుస్తకం తెరిచేవాళ్లం.

ఒకసారి కరీంనగర్ టౌను అమ్మాయి వాళ్ల నానమ్మ గురించి రాసింది. ఆ నానమ్మ మనుషులందరితో ఉర్దూ మాట్లాడుతుంది, కోళ్లతో మాత్రం తెలుగు. ఎందుకని అడిగితే, "అంగట్ల కొన్న కోళ్లు. వాటికి ఉర్దూ ఏం సమజైతది?" అందట. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోంచే భాష, ఇల్లు, బజారు అనే పాఠం మొత్తం నడిచింది. ఇంకో అబ్బాయి, తనకు ఊహ తెలిసినప్పటి నుంచి వాళ్లమ్మ కూర్చుని చాయ్ తాగడం చూడలేదని రాశాడు. చదువుతుంటే వాడే లేచి బయటికి వెళ్లిపోయాడు.

పిల్లల్ని బయటికి కూడా తీసుకెళ్లేదాన్ని. వేములవాడలో తలనీలాలిచ్చే చోట కూర్చోబెట్టి, ఎవరు ఎవరి కోసం మొక్కుకున్నారో అడిగి రాయమన్నాను. పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకెళ్లాను. ఈ రెండింటికీ నేను రాతపూర్వకంగా అనుమతి తీసుకోలేదు. మా శాఖాధిపతి చెడ్డమనిషి కాదు. ఒకసారి గదికి పిలిచి, "నువ్వు మంచిగనే చెప్తున్నవమ్మా. కాని సిలబస్ యాడికొచ్చిందో జర చూసుకో. రేపెవరన్న అడిగితే నేనేం చెప్పాలె?" అన్నారు. నేను నవ్వి వచ్చేశాను. అప్పట్లో నా మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయి రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. వాళ్ల బాపు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో తూకం కాంటా దగ్గర పనిచేసేవాడు. ఆ అమ్మాయి మాట్లాడటమే తక్కువ. మొదటి ఏడాదంతా ఆమె ఇంటి కాగితం రెండు ముక్కలకు మించలేదు. "మా ఇంట్లో ఫ్యాను ఒక్కటే. అందరం దాని కిందే పడుకుంటాం." అంతే. నేను కింద "ఇంకొంచెం రాయి" అని రాసిచ్చేదాన్ని. రెండేళ్లలో ఎంతమందికి ఆ మాట రాశానో గుర్తులేదు గానీ, ఆమెకు మాత్రం ప్రతిసారీ రాశాను.

రెండో ఏడాది ఒకరోజు పేజీకి రెండు వైపులా నింపి ఇచ్చింది. ఆ కాగితం నాకు కంఠతా వచ్చు.

"మా ఇంట్లో అయిదుగురం. బయటివాళ్లకు నలుగురం. మా అక్క హైదరాబాద్‌లో పనిచేస్తుందని బాపు అందరికీ చెప్పాడు. అక్క వెనక గదిలో ఉంటుంది. అత్తగారింటి నుంచి వచ్చేసినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడదు. చుట్టాలు వస్తే బాపు మిల్లు నుంచి తెచ్చిన ఖాళీ బస్తాలు ఆ తలుపు ముందు పేరుస్తాం. నేను తల దువ్వేటప్పుడు మాత్రం అక్క మాట్లాడుతుంది. అన్నీ చిన్నప్పటి సంగతులే. అందుకని చిక్కులు లేకపోయినా నేను చాలాసేపు దువ్వుతాను."

ఇంకా ఉంది, కానీ ఇక్కడ రాయను. పేజీ పైన కుడి మూలన చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. "క్లాసులో చదవకండి మేడం."

నేను ఆ మాట చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి నాకు ఏ దారీ లేదు.

ఆ శుక్రవారం మా శాఖాధిపతి నా క్లాసు చూడటానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. చదవడానికి నేను వేరే కాగితం తీసిపెట్టుకున్నాను. వీధి నల్లా దగ్గర వంతుల గురించి ఎవరో రాసింది, ఫరవాలేదనిపించే కాగితం. సార్ చేతిగడియారం చూసుకుంటున్నారు. అప్పుడు నా చెయ్యి కట్టలోంచి ఆదిలాబాద్ అమ్మాయి కాగితాన్ని పైకి తీసింది. పేరు చెప్పను కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పైనున్న మూలను లోపలికి మడిచాను. చదవడం మొదలుపెట్టాను.

చదవడం అయ్యేసరికి సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నాకు గర్వంగా అనిపించింది. మిల్లు బస్తాల దగ్గరికి వచ్చినప్పుడు మూడు నాలుగు తలలు కిటికీ వైపు తిరగడం కూడా చూశాను. ఆ క్లాసులో ఆదిలాబాద్ నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. ఆమె తల వంచి తన ముందున్న బెంచీ వైపే చూస్తూ కూర్చుంది.

గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, "మేడం, కాగితం ఇస్తరా?" అంది. ఇచ్చాను. "చాలా బాగా రాశావు" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

తర్వాత జరిగింది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. హాస్టల్లో ఆమెతో గదిలో ఉండే పెద్దపల్లి అమ్మాయి ఆ కాగితాన్ని బల్ల మీద చూసింది. క్లాసులో విన్నప్పుడు ఏడ్చిన పిల్ల అది. స్నేహితురాలి మీద ప్రేమతోనే ఫోటో తీసి, "మా మేడం క్లాసుల మేం రాసేటియి గిట్లుంటయి" అని వాట్సాప్‌లో పెట్టింది. పేరు పెట్టలేదు. కానీ కాగితంలో మిల్లు ఉంది, కాంటా ఉంది, హైదరాబాద్‌లో పనిచేస్తున్న అక్క ఉంది. మూడు రోజుల్లో అది ఆదిలాబాద్ చేరి, వాళ్ల వాడలోకి వచ్చింది.

చుట్టుపక్కలవాళ్లు పలకరింపుగా వచ్చారు. కొందరు నిజంగా జాలితోనే వచ్చారు. కొందరు వెనక కిటికీ దగ్గర నిలబడి తొంగి చూశారు. మర్నాడు ఇంట్లో అందరూ ఎవరి పనుల్లో వాళ్లుండగా అక్క బయటికి నడిచి వెళ్లిపోయింది. మూడు రోజుల తర్వాత పెన్‌గంగ నది అవతల, మహారాష్ట్రలోని ఒక పల్లె బస్టాపులో దొరికింది. ఆ ఊరివాళ్లు ఆమెకు జొన్నరొట్టె పెట్టి, మరాఠీలో పేరు అడిగీ అడిగీ ఊరుకున్నారట. ఇంటికి తీసుకొచ్చిన తర్వాత ఆమె చెల్లెలితో కూడా మాట్లాడటం మానేసింది.

వాళ్ల బాపు యూనివర్సిటీకి వచ్చాడు. ఫిర్యాదు ఇచ్చి, నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకు వచ్చాడు. సన్నగా, తెల్లచొక్కా భుజాల మీద దూదిపోగులతో ఉన్నాడు. కేకలేస్తాడనుకున్నాను.

"మీకు పిల్లలున్నరా మేడం?" అని అడిగాడు.

"ఒక కొడుకు."

"వాని గురించి ఎవ్వలకు చెప్పద్దనుకున్న ముచ్చట ఒక్కటన్న ఉంటది గదా మీకు?"

"ఉంటది" అని ఆయనే చెప్పుకుని వెళ్లిపోయాడు.

విచారణకు ముగ్గురిని వేశారు. మా శాఖాధిపతి అందులో ఒకరు. నా మీద చాలా రాశారు. సిలబస్ పూర్తి చేయలేదు, అనుమతి లేకుండా పిల్లల్ని వేములవాడకు, ఆదిలాబాద్‌కు తిప్పాను, ఇంటి గుట్లు రాయించి కుటుంబాల పరువు తీశాను. బల్ల మీద ఆ కాగితం ఫోటో ప్రింటు ఉంది. ప్రింటులో పైనున్న మూల ఇంకా మడిచే ఉంది. అలా ఎందుకుందని ఎవరూ అడగలేదు.

ఫోటో తీసింది ఎవరని అడిగారు. నాకు తెలుసు. పెద్దపల్లి అమ్మాయి అంతకు ముందు రోజే మా ఇంటికి వచ్చి, గుమ్మంలో కూలబడి ఏడ్చింది. తెలియదన్నాను. ఆ ఒక్క అబద్ధానికి నేనెప్పుడూ బాధపడలేదు.

అప్పుడు ఆదిలాబాద్ అమ్మాయిని పిలిచారు. లోపలికి వచ్చి నా కుర్చీకి దూరంగా నిలబడింది.

"నువ్వు రాసింది క్లాసుల చదవాల్నని ఎవరు నిర్ణయం చేసిండ్రమ్మా?" అని శాఖాధిపతి అడిగారు.

"మేడం నన్ను అడిగింది సార్. నేనే చదవమన్న."

"మీ బాపు అట్ల చెప్తలేడు గదా?"

"బాపుకు తెల్వది సార్. నేనే చదవమన్న."

రెండోసారి గొంతు గట్టిగానే వచ్చింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గదిలో నేను నోరు తెరిస్తే చాలు. ఆమె వద్దని రాసింది, నేనే మడిచాను, అంటే అయిపోయేది. నా కొడుకు ఆ ఏడు పదో తరగతి. కాంట్రాక్టు పొడిగింపు దగ్గరపడింది. ఇవన్నీ లెక్క వేసుకుని నోరు మూసుకున్నానని చెబితే అదీ పూర్తి నిజం కాదు. అంతమంది ముందు అంత చిన్నదాన్ని కావడం నాకు చేతకాలేదు.

ఆమె అబద్ధం నన్ను కాపాడలేదు. రెండు వారాలకు, నా సేవలు ఇక అవసరం లేదని కాగితం ఇచ్చారు. ఊళ్లో పెద్ద చర్చ అయింది. ఒక పేపరు నన్ను కొత్త రకం చదువు చెప్పినందుకు బలైన మనిషిగా రాసింది. ఇంకో పేపరు ఆడపిల్ల బతుకును బజారుకెక్కించిన లెక్చరరని రాసింది. తోటి అధ్యాపకులు నా పక్షాన సంతకాలు చేశారు. నెల తిరక్కుండా నా స్థానంలో నోట్సు చెప్పే ఆయన వచ్చాడు. ఆ ఉత్తర్వులో రాసిన కారణాలు చాలావరకు అన్యాయమైనవే. ఇంటి కాగితాల గురించి ఎవరు తప్పుగా మాట్లాడినా ఇప్పటికీ వాదిస్తాను. అయితే వాదించే ప్రతిసారీ నా వేళ్లు ఆ మూలను మడుస్తున్నట్టే ఉంటుంది.

ఆదిలాబాద్ అమ్మాయి ఆఖరి సెమిస్టరుకు రాలేదు. ఫోన్ చేస్తే మోగేది, ఎత్తేది కాదు. పత్తి సీజన్ మొదలయ్యాక నేనే బస్సెక్కాను. నిర్మల్ దాటిన దగ్గర్నుంచి రోడ్డు పక్క తుమ్మచెట్లకు దూది వేలాడుతోంది, పత్తి లారీలు రాసుకుంటూ వెళ్లిన గుర్తు. మిల్లు గేటు దగ్గర వాళ్ల బాపు నన్ను గుర్తుపట్టాడు. వెళ్లగొడతాడనుకున్నాను. నేల వైపు చూస్తూనే, "ఇల్లు మార్చినం. బిడ్డ ఇంటికాడనే ఉన్నది, పోయి కలువున్రి" అని దారి చెప్పాడు.

కొత్త ఇల్లు రెండు గదులది. ముందు గదిలోనే, తలుపు తీసి ఉండగా, అక్క చాప మీద కూర్చుని ఉంది. వెనక నుంచి చెల్లెలు తల దువ్వుతోంది. నన్ను చూసి దువ్వెన పక్కన పెట్టి లేచింది. నీళ్లు తెచ్చిచ్చింది.

"కూసోన్రి మేడం. ఇప్పుడు అక్కను దాచుడు లేదు. అందరికెరుకైనంక దాచి ఏం ఫాయిదా" అంది. మళ్లీ కూర్చుని దువ్వెన తీసుకుంది.

"మాట్లాడుతున్నదా?" అని అడిగాను.

"లేదు మేడం. దువ్వుతనే ఉన్న."

అక్క జుట్టు నున్నగా నూనె పెట్టి ఉంది, ఎక్కడా ఒక్క చిక్కు లేదు. ఆమె గోడ వైపు చూస్తోంది. నేను బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. మా అవ్వ మాట్లాడే భాషే నోట్లోకి వచ్చింది.

"నువ్వు చదవద్దని రాసినవు బిడ్డా. నేను చూసిన. చూసి మడిచిన."

"ఎరుకే మేడం. మీరు మడుస్తుంటే నేను చూస్తనే ఉన్న."

"మరి కమిటీల గట్లెందుకు చెప్పినవు?"

రెండు మూడు సార్లు దువ్వెన పైనుంచి కిందికి వచ్చింది.

"మా ఇంట్ల అయ్యేదేందో అయింది. మీ నౌకరి అన్న ఉంటదనుకున్న" అంది. "అదీ పోయె."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నీళ్లగ్లాసు నా దగ్గరికి కొంచెం జరిపింది. తర్వాత చాలా మామూలుగా, క్లాసులో సందేహం అడిగినట్టు, "ఎందుకు చదివిన్రు మేడం?" అని అడిగింది.

అప్పుడు మాత్రం నిజం చెప్పాను. "సార్ వచ్చి వెనక కూసున్నరు. నా క్లాసు గొప్పగ కనపడాలనుకున్న. కట్టల నీ కాగితమంత మంచిది ఇంకోటి లేకుండె."

దువ్వెన ఆగింది.

"మంచిగ రాసిన్నా?"

"చాన మంచిగ రాసినవు."

తల ఊపింది. ఆ ముఖంలో ఒక్క క్షణం సంతోషం లాంటిది కనిపించింది. నన్ను తిట్టి ఉంటే నేను ఇంత విరిగిపోయేదాన్ని కాదు. వచ్చేముందు పరీక్షలు రాయమని బతిమాలాను. "చూస్త మేడం" అంది. అక్క భుజం మీద చెయ్యి వేయబోయి, భయమేసి వెనక్కి తీసుకున్నాను.

ఆ తర్వాతి ఏడు పాత విద్యార్థులు కరీంనగర్‌లో ఒక చిన్న హాలు తీసుకుని నాకు సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. ఒకరి తర్వాత ఒకరు లేచి నా ధైర్యం గురించి మాట్లాడారు. నా వంతు వచ్చినప్పుడు లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. మూల మీద రాసిన మాట, మడవడం, ఆ పిల్ల నా కోసం అబద్ధం చెబుతుంటే కూర్చుని వినడం, అన్నీ. చప్పట్లు ఎక్కడ కొట్టాలో వాళ్లకు తెలియలేదు. పెద్దపల్లి అమ్మాయి మొదటి వరసలో మొహం కప్పుకుంది. అంతదాకా ఫోటో తీసిన తనదే తప్పంతా అనుకుంటూ బతికిందట. నేను నోరు విప్పకపోవడం వల్ల ఆమె కూడా ఒక ఏడాది మోసింది. కొందరు ఆ రోజు తర్వాత నాకు ఫోన్ చేయడం మానేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

యూనివర్సిటీకి కూడా అదే సంగతి రాసి పంపాను. ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఇప్పుడు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. నోట్సు చెబుతాను. నా సబ్జెక్టులో దాదాపు అందరూ పాసవుతారని ప్రిన్సిపాల్ సంతోషంగా ఉంటాడు.

మొన్న బజార్లో పెద్దపల్లి అమ్మాయి కలిసింది. తనూ ఇప్పుడు టీచరు. మాటల మధ్యలో, ఆదిలాబాద్ అమ్మాయి పోయిన ఏడు కరీంనగర్ వచ్చి మిగిలిపోయిన పరీక్షలన్నీ రాసిందని చెప్పింది. అక్కను ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చుకుందట. ఈమె వాళ్లిద్దరినీ తన గదిలోనే పెట్టుకుంది. చెల్లెలు లోపల పరీక్ష రాస్తుంటే ఈమె అక్క పక్కన బయట చెట్టు నీడలో కూర్చునేదట. అక్క ఏమన్నా మాట్లాడిందా అని అడిగాను. లేదంది.

"వాళ్లొచ్చిన్రని మీకు చెప్తనన్న మేడం. తనే వద్దన్నది" అంది, నా మొహం చూడకుండా.

ఆ గది మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ వారమంతా నేను ఊళ్లోనే ఉన్నాను.